నల్లరేగడిలో కర్బనం: పెదనందిపాడు వైపు మూడేళ్ల కేసు

2022 వేసవిలో గుంటూరు జిల్లా ప్రత్తిపాడు, పెదనందిపాడు మధ్య ఒక ఊరి రైతులు నన్ను పిలిపించారు. కార్బన్ క్రెడిట్ల కంపెనీ వాళ్లు వచ్చి మాట్లాడి వెళ్లారట. దుక్కి తగ్గించి, పచ్చిరొట్ట వేసి, పత్తి కట్టె కాల్చకుండా ఉంటే నేలలో చేరిన కర్బనానికి ఏటా డబ్బులిస్తామన్నారు. ఒప్పందం కాగితాలు కూడా ఇచ్చారు, మొత్తం ఇంగ్లీషులో. సంతకం పెట్టొచ్చో లేదో తేల్చమన్నది రైతులు నాకు అప్పజెప్పిన పని. 1921-22లో శిస్తు కట్టం పొమ్మని బ్రిటిష్ సర్కారుకే చెప్పిన ఫిర్కా ఇది. అర్థం కాని కాగితం మీద ఊరికే సంతకం పెట్టే మనుషులు కారు.

మొత్తం పద్దెనిమిది ఎకరాలు, ఏడుగురు రైతులు, అందులో నలుగురు కౌలుదారులు. వర్షాధారం మీద పత్తి, నీటి వసతి ఉన్న కొద్ది మడుల్లో మిరప. అన్నీ నల్లరేగడి నేలలే. జనవరి, ఫిబ్రవరి కల్లా పత్తి అయిపోతుంది. కట్టె పీకి కుప్పేసి కాలుస్తారు. మార్చి నుంచి జూన్ దాకా నేల బోడిగా ఎండకు పడి ఉంటుంది. మధ్యలో ఒక వాన పడితే ట్రాక్టరుతో రెండు మూడు సార్లు దున్నుతారు. మా జిల్లాలో సగం మెట్ట ఇలాగే నడుస్తుంది.

ముందు కాగితం మీద లెక్క

పొలానికి వెళ్లకముందే ఒక లెక్క వేసి రైతుల ముందు పెట్టాను. అక్కడ సేంద్రియ కర్బనం 0.45 శాతం దగ్గర ఉంటుందని వాళ్ల పాత సాయిల్ హెల్త్ కార్డులే చెబుతున్నాయి. మన దగ్గర 0.5 లోపు ఉంటే 'తక్కువ' అని రాస్తారు. శాతాన్ని నేల సాంద్రతతోనూ, లోతుతోనూ గుణిస్తే హెక్టారుకు ఎన్ని టన్నులో వస్తుంది. 0.45 శాతం ఇంటూ సాంద్రత 1.3 ఇంటూ లోతు 30 సెంటీమీటర్లు, అంటే హెక్టారుకు సుమారు 17.5 టన్నుల కర్బనం. ఎకరానికి ఏడు టన్నులు.

ఏటా ఎంత పెరగొచ్చు? మనకు దగ్గరి ఉదాహరణ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) నల్లరేగడి వాటర్‌షెడ్. 1976లో మొదలుపెట్టిన ఆ ప్రయోగంలో వెడల్పాటి బెడ్లు, కందితో అంతరపంట, మంచి ఎరువుల యాజమాన్యం కలిపి పాతికేళ్ల దాకా నడిపి చూస్తే, పాత పద్ధతి కంటే ఏటా హెక్టారుకు సుమారు 0.3 టన్నుల కర్బనం ఎక్కువగా నిలిచింది. అది శాస్త్రవేత్తల చేతిలో ఉన్న నేల, కొలిచింది కూడా 30 సెంటీమీటర్ల కంటే బాగా లోతు దాకా. మన రైతు చేతిలో పై 30 సెంటీమీటర్లలో అంత వస్తుందనుకోవడమే ఆశ. సరే, ఆశతోనే వేద్దాం. 0.3 టన్నుల కర్బనాన్ని 3.67తో గుణిస్తే హెక్టారుకు 1.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఎకరానికి 0.45 టన్నులు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. దాని ధర వెయ్యి రూపాయలు అనుకుంటే ఎకరానికి ఏటా 450 రూపాయలు. అందులోంచి కొలతల ఖర్చు, ఆడిట్ ఖర్చు, కంపెనీ వాటా పోవాలి. మిగిలేది పత్తి తీసే మనిషి ఒక పూట కూలి కూడా ఉండకపోవచ్చు.

ఈ లెక్క చెప్పేసరికి సగం మందికి ఉత్సాహం పోయింది. పోవడమే మంచిదనుకున్నాను. డబ్బు కోసమే చేసేవాడు ధర పడిన ఏడే మానేస్తాడు. పైగా ఈ పెరుగుదల ఎప్పటికీ సాగదు. ఇరవై ఏళ్లు అటూ ఇటూగా నేల కొత్త స్థాయిలో కుదురుకుని ఆగిపోతుంది. ఆగాక కూడా చేతిలో ఉన్నది జారిపోకుండా అదే పద్ధతి నడపాలి, కానీ కొత్త క్రెడిట్లు రావు. కంపెనీ ప్రతినిధి ఈ ముక్క చెప్పలేదని రైతులు అన్నారు.

మరి ఎందుకు చేయాలి? రేగడిలో బంకమన్ను ఎక్కువ. కర్బనాన్ని పట్టి దాచుకునే శక్తి ఆ బంకమన్నుకు ఉంది. ఉండి కూడా 0.45 దగ్గర ఎందుకు ఆగిందంటే, నేలలోకి వచ్చే కర్బనం తక్కువ, వేసవిలో పోయేది ఎక్కువ. పంట వేళ్లు, ఆకులు తప్ప నేలకు ఇచ్చేది లేదు. ఎండలో దున్నితే ఉన్నది కూడా సూక్ష్మజీవులు తినేసి గాలిలో కలిపేస్తాయి. ఈ రెండూ రైతు చేతిలో ఉన్న విషయాలే. అందుకే క్రెడిట్ సంగతి పక్కనబెట్టి, మూడేళ్లు నేలను కప్పి ఉంచడం, కట్టెను నేలకే ఇవ్వడం అనే రెండు పనులకు ఒప్పించాను. ఏడుగురూ ఒప్పుకున్నారు, ఒకాయన మాత్రం 'చూద్దాంలెండి' అని.

కొలతల దగ్గరే అసలు చిక్కు

మట్టి నమూనా అంటే 'వి' ఆకారంలో గుంట తవ్వి, నాలుగు దోసిళ్లు కలిపి సంచిలో వేయడం అందరికీ అలవాటు. ఎరువుల సిఫారసుకు అది చాలు. కర్బన నిల్వకు చాలదు, ఎందుకంటే సాంద్రత కూడా కావాలి. నల్లరేగడిలో సాంద్రత కొలవడం ఒక తలనొప్పి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రేగడి చేను అయితే మార్చికే పగులుతుంది, ఏప్రిల్‌కు పగుళ్లలో చెయ్యి పడుతుంది. ఆ ఎండిన నేలలో కోర్ రింగు (కొలిచిన ఘనపరిమాణంలో మట్టి తీసే లోహపు గొట్టం) దించితే గడ్డలుగా విరిగిపోతుంది. గడ్డ ఒక్కటే తూస్తే సాంద్రత బాగా ఎక్కువ వస్తుంది, పగులుతో కలిపి చూస్తే తక్కువ వస్తుంది. అదే నేల తొలకరి తర్వాత ఉబ్బి మరో అంకె చూపిస్తుంది. 1.3 బదులు 1.2 అని రాసుకున్నామనుకోండి, అదే 0.45 శాతానికి నిల్వ 17.5 నుంచి 16.2 టన్నులకు పడిపోతుంది. టన్నుం పావుకు పైగా తేడా. మూడేళ్లు కష్టపడి చేర్చే 0.9 టన్నుల కంటే ఎక్కువ. అంటే నమూనా తీసే నెలను అటూ ఇటూ జరిపి ఏ కంపెనీ అయినా క్రెడిట్లు పుట్టించొచ్చు, లేదా మింగేయొచ్చు.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. పంట చివర్లో, నేలలో కాస్త పదును ఉన్నప్పుడే నమూనా తీయాలి. ప్రతి మడిలో జీపీఎస్ పాయింట్లు గుర్తు పెట్టుకుని, మళ్లీ అక్కడే తీయాలి. లోతును మాత్రమే కాక, ఆ లోతులో ఎంత బరువు ఎండు మట్టి వచ్చిందో కూడా రాసుకోవాలి. రెండు కాలాలను పోల్చేటప్పుడు సమాన లోతుతో కాక సమాన మట్టి బరువుతో పోల్చాలి. ఇది లేకుండా వచ్చిన ఏ రేగడి రిపోర్టునూ నేను నమ్మను.

రెండో చిక్కు సున్నం. కంపెనీ తన నమూనా రిపోర్టు ఒకటి ఊళ్లో ఇచ్చి వెళ్లింది. అందులో కర్బనం మా అంకెకు రెట్టింపు పైనే ఉంది. రైతులు సంతోషపడ్డారు. నేను పొలంలో ఒక గడ్డ తీసి, తెల్ల గుళ్లు కనబడే చోట పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ నాలుగు చుక్కలు వేశాను.

"ఇదేందండీ, సోడా కొట్టినట్టు పొంగుతోంది?" అన్నాడు పెద్దాయన.

"సున్నం బాబాయ్. ఇందులోనూ కర్బనం ఉంటుంది. కానీ నువ్వు పెంచింది కాదు, నీ తాతలు పుట్టకముందు నుంచీ ఉన్నది."

"అయితే దానికి డబ్బులివ్వరా?"

"ఇవ్వకూడదు. ఇస్తే ఏదో ఒకరోజు వెనక్కి అడుగుతారు."

మట్టిని కాల్చి మొత్తం కర్బనం కొలిచే యంత్రానికి సేంద్రియ కర్బనం, సున్నపు కర్బనం తేడా తెలియదు. ముందు యాసిడ్‌తో సున్నం తీసేయాలి, లేదా విడిగా కొలిచి తగ్గించాలి. మన ప్రభుత్వ ల్యాబుల్లో వాడే పాత వాక్లీ-బ్లాక్ అనే రసాయన పద్ధతి సున్నాన్ని లెక్కలోకి తీసుకోదు, ఆ మేరకు రేగడికి అదే నయం. అది కూడా ఉన్న కర్బనంలో ముప్పావు వంతే పట్టుకుంటుంది కాబట్టి 1.3 పెట్టి గుణిస్తారు. బాపట్ల తీరం వైపు ఉప్పు నేలల్లో మళ్లీ క్లోరైడు అడ్డొచ్చి అంకెను పెంచుతుంది. ఏ పద్ధతైనా మొదట ఏది వాడామో చివరిదాకా అదే వాడాలి, వీలైతే అదే ల్యాబ్. మూడేళ్లలో రావాల్సిన 0.9 టన్నులను శాతంలోకి మారిస్తే 0.023. ఒకే సంచి మట్టిని రెండు ల్యాబులకు పంపినా అంత తేడా మామూలుగా వస్తుంది.

చేలో చేసిన పనులు

పత్తి కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి, ఒకే ఒక్కసారి రొటావేటర్‌తో పైపైన కలపడం మొదటిది. దీనికి ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. కారణం కర్బనం కాదు, గులాబీ రంగు పురుగు. పంట కాలం పొడిగించకుండా, కట్టె గట్ల మీద కుప్పలుగా ఉంచకుండా ముక్కలు చేయమని వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. పురుగు భయం నేలకు మేలు చేసింది. మిరప కట్టె విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాం. ఎండు తెగులు కనిపించిన మడిలో కట్టెను కలపలేదు, పీకి బయటకు మోయించాం. 2021-22లో నల్ల తామర పురుగు దెబ్బకు మిరప తోటలు పీకేసిన ఊళ్లు ఇవి. తెగులు మాట వచ్చినప్పుడు రైతుతో కర్బనం గురించి వాదించడం అనవసరం.

కాల్చడం మానమంటే ఒకాయన 'బూడిద ఎరువే కదా' అన్నాడు. బూడిదలో పొటాష్ మిగులుతుంది, నిజమే. నత్రజని, కర్బనం పొగలో పోతాయి. ఎండు కట్టె ఒక్కటే కలిపినా చాలదు. అందులో నత్రజని బాగా తక్కువ, కుళ్లేటప్పుడు నేలలో ఉన్నదాన్ని లాక్కుంటుంది, పంట పసుపు రంగుకు తిరుగుతుంది. నేలలో నిలిచే హ్యూమస్‌లో పన్నెండు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. అంటే 0.3 టన్నుల కర్బనం నిలవాలంటే హెక్టారుకు పాతిక కిలోలు, ఎకరానికి పది కిలోల నత్రజని అందులో కట్టుబడిపోతుంది. సుమారు అర బస్తా యూరియా అంత. అది పప్పుజాతి నుంచి వస్తే ఖర్చు లేదు. అందుకే పత్తిలో కంది సాళ్లు పెంచాం. కంది వేరు లోతుకు పోతుంది, ఆకు రాలుస్తుంది. నేలలో ఎక్కువ కాలం నిలిచేది పైనుంచి కలిపిన చెత్త కంటే వేరు వదిలిన కర్బనమే.

మూడోది వేసవి కప్పు. ప్రకృతి సేద్యం వాళ్లు పీఎండీఎస్ అంటారు, అంటే తొలకరికి ముందే ఎండు నేలలో నవధాన్యాలు చల్లడం. విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే ఎండు ఎరువు), బూడిద పట్టిస్తే చినుకు పడేదాకా ఓపిగ్గా ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ఈ ప్రకృతి సేద్యం కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్లిచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, నేల కర్బనం శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తో కలిపి. మేం వాళ్ల పద్ధతి యథాతథంగా తీసుకోలేదు. జనుము, పిల్లిపెసర, జొన్న, అలసంద మాత్రం చల్లాం.

మొదటి వేసవి వాన పడింది, మొలిచింది. వారానికే ఊరి పశువులు వచ్చి మేసి పోయాయి. వేసవిలో పశువుల్ని చేలలో వదిలేయడం ఊరి ఆనవాయితీ. ఒక్క చేను పచ్చగా ఉంటే ఆగుతాయా? కంచె వేసేంత డబ్బు లేదు. చివరికి గొర్రెల కాపరితో మాట్లాడాం. నలభై ఐదు రోజులు రాకుండా కాపలా అతనిదే, తర్వాత మేపుకోవచ్చు, కానీ రాత్రి మంద అదే చేలో కట్టాలి. మేసిందాంట్లో కొంత ఎరువుగా అక్కడికే తిరిగి వచ్చింది. ఈ మొత్తం కేసులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే, ఏ కార్బన్ మాన్యువల్‌లోనూ లేనిది కూడా. మరో వేసవిలో వానలు మొహం చాటేశాయి, ఐదెకరాల్లో మొలక రాలేదు. అది రేగడి మెట్టలో ఉండే రిస్కు, దాన్ని తప్పించే ఉపాయం లేదు.

పశువుల ఎరువు గురించి ఒక మాట. ఏడుగురిలో అందరికంటే కర్బనం ఎక్కువ ఉన్న చేను మిరప వేసే రైతుది. ఏటా పల్నాడు వైపు నుంచి ట్రాక్టర్ల కొద్దీ పెంట తోలిస్తాడు. చేను బాగుంది, కాదనను. కానీ అది ఎక్కడో పశువులు తిన్న మేత, ఎక్కడో చేలకు పోవాల్సిన ఎరువు. ఇక్కడ పెరిగిందంటే అక్కడ తగ్గింది. వాతావరణం లెక్కలో దాన్ని కొత్త నిల్వ అని రాయకూడదు. ఆయనకు ఈ మాట రుచించలేదు.

మిరప చేలలో ఇంకో లెక్క తేలింది. వేసిన నత్రజనిలో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల మండలి ఐపీసీసీ లెక్క. ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పెంచుతుంది. ఒక బస్తా యూరియా తగ్గితే దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఐదు బస్తాలు తగ్గితే, ఒక ఎకరం ఏడాదంతా కష్టపడి దాచే 0.45 టన్నులకు సమానం. దాచిన కర్బనాన్ని ఒక్క దుక్కితో పోగొట్టుకోవచ్చు, పుట్టకుండా ఆపిన నైట్రస్ ఆక్సైడ్ మళ్లీ పుట్టదు. మిరప రైతుకు నేనైతే ముందు యూరియా గురించే చెబుతాను.

కౌలు

రెండో ఏడాది ఉగాదికి ఒక మడి చేయి మారింది. పాత కౌలుదారు భార్యాభర్తలు రెండు సీజన్లు కట్టె కలిపారు, గొర్రెల మంద కట్టించారు. హైదరాబాద్‌లో ఉండే భూమి యజమాని ఎక్కువ కౌలు ఇచ్చేవాళ్లు దొరికారని వాళ్లకిచ్చాడు. కొత్త మనిషి చేసిన మొదటి పని కట్టె కాల్చి, మే నెలలో మూడుసార్లు లోతుగా దున్నించడం. అతని తప్పు కాదు. వేసవి దుక్కులతో పురుగు కోశాలూ, కలుపూ చస్తాయని అతనికి చెప్పింది మనమే.

"ఈ ఏడు నేను బాగుచేస్తే పై ఏడు ఎవరు దున్నుకుంటారో ఎవరికెరుక సార్? నాకు మిగిలేది పంట ఒక్కటే" అంది పాత కౌలుదారు భార్య. దానికి సమాధానం నా దగ్గర లేదు, ఒప్పందంలోనూ లేదు. ఒప్పందం మీద భూమి యజమాని సంతకం కావాలి, పద్ధతి మార్చాల్సింది కౌలుదారు, డబ్బు ఎవరికో స్పష్టంగా లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు పదకొండు నెలలది, దానికీ యజమాని ఒప్పుకోవాలి. పదకొండు నెలల హక్కు ఉన్న మనిషి పదేళ్ల కర్బనానికి ఎలా పూచీపడతాడు? 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ కోసం ఒక ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసింది. రైతుకు ప్రయోజనం చేరాలన్న ఉద్దేశం మంచిదే. మా జిల్లాలో ఆ రైతు ఎవరన్నదే ముందు తేలాలి.

మేం చేసిన చిన్న ఏర్పాటు ఇది. ఇద్దరు యజమానులు మూడేళ్ల కౌలుకు నోటిమాటతో పాటు కాగితం రాశారు. ష్రెడ్డర్ కిరాయి, పచ్చిరొట్ట విత్తనం యజమాని ఖర్చు. కట్టె కాలిస్తే ఆ ఖర్చు కౌలుదారు తిరిగివ్వాలి. యజమాని మధ్యలో మనిషిని మారిస్తే ఆ ఖర్చు కౌలుదారుకు పరిహారంగా ఇవ్వాలి. మిగతా యజమానులు ఒప్పుకోలేదు. మూడేళ్ల కాగితం రాస్తే భూమి మీద హక్కు వస్తుందేమోనన్న టెన్షన్ వాళ్లది.

2025లో ఏం కనిపించింది

అంకెల్లో చెప్పాలంటే, సమాన మట్టి బరువుతో పోలిస్తే మడుల సగటు కొంచెం పైకి కదిలింది, కానీ ఆ కదలిక మా కొలతలో ఉండే తప్పు కంటే పెద్దది కాదు. కర్బనం పెరిగిందని రాసివ్వమంటే నేను రాయను. పెరగలేదనీ రాయలేను. చేయి మారిన మడి మిగతావాటి కంటే కింద ఉంది, ఒక్క మడి మాట కాబట్టి దానిమీద ఏమీ కట్టలేం.

కంటికి కనిపించినవి వేరే ఉన్నాయి. కప్పు ఉంచిన చేలలో తొలి దుక్కికి గడ్డ తేలిగ్గా విరుగుతోంది, ట్రాక్టరు డ్రైవరే ముందు గమనించి చెప్పాడు. పార దెబ్బకు ఎర్రలు (వానపాములు) బయటపడుతున్నాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అన్ని చేలూ మునిగాయి. మా చేలలో రెండింట్లో నీళ్లు త్వరగా దిగాయని ఊళ్లో 'కర్బనం మహిమ' అని ప్రచారం జరిగింది. ఆ రెండు చేలకూ మధ్యలో బోదె కాలువలు తీసి ఉన్నాయి. తడిసి ఉబ్బిన రేగడి ఏదైనా ఒకటే, నీరు ఇంకదు. అది కాలువ ఘనత.

ఒప్పందం విషయానికొస్తే, ఏడుగురిలో ఎవరూ సంతకం పెట్టలేదు. తిరిగి చర్చకు రమ్మని కంపెనీకి ఐదు షరతులు రాసి పంపాం: ఒప్పందం తెలుగులో ఉండాలి, సున్నం తీసేసి కొలవాలి, సమాన మట్టి బరువుతో పోల్చాలి, కౌలుదారు వాటా పేరుతో సహా రాయాలి, కౌలు మారితే వెనక్కి వసూలు చేయకూడదు. మొదటి షరతుకు సరేనన్నారు. మిగతావి పై ఆఫీసును అడిగి చెబుతామన్నారు.

తర్వాతి నమూనాలు 2027 పత్తి చివరి తీత అయ్యాక, నేలలో పదును ఆరకముందే అవే పాయింట్లలో తీస్తాం. చేయి మారిన మడి కూడా జాబితాలో ఉంది. అందులో ఇప్పుడు మూడో కౌలుదారు ఉన్నాడు, కట్టె కాల్చలేదని విన్నాను.